చేతుల్లేని చొక్కాలు

ఇంటిపని తెమిలాక అత్తగారు గడప మీద కూర్చుని, మనవణ్ణి రెండు చేతుల్లోకీ తీసుకుని చేతులు చాచేది. అవి సాగి సాగి సందు దాటి, కిరాణా కొట్టు దాటి, బట్టల ఫ్యాక్టరీ గోడెక్కి, కిటికీలోంచి పాలకోసం కోడలి ఒళ్లో పిల్లాణ్ణి దించేవి. సందులో ఎవరూ వింతగా చూడరు. "కాస్త పైకెత్తు పిన్నీ, ఆటో పోవాలి" అంటారు, అంతే.

కోడలిది చొక్కాలకి చేతులు కుట్టే పని. పారేసిన ముక్కలన్నీ అతికి అత్తగారి జాకెట్టుకీ పొడుగు చేతులు కుట్టింది, ఎండకి కాలకుండా. కొంత నీలం, కొంత చారలు. "సర్కస్ దానిలా చేశావు కదే నన్ను!" అని తిట్టింది గానీ అత్తగారు వాటిని విప్పలేదు.

ఆ చేతులు ఊరికే సాగలేదు. మొదటి మనవరాలికి తల్లి పనికెళ్తే డబ్బా పాలే గతి. అందులో కలిపేది సందు కుళాయి నీళ్లు. కుళాయి గొట్టం మురిక్కాలవలో చిల్లుపడి ఉందని అందరికీ తెలుసు, బాగుచేసే నాథుడే లేడు. విరేచనాలు పట్టుకుని పిల్ల అత్తగారి చేతుల్లోనే పోయింది. వచ్చినవాళ్లంతా తలరాత అన్నారు.

"తలరాతా, తలకాయా!" అత్తగారికి ఒళ్లు మండిపోయింది. "ఫ్యాక్టరీ ఓనరు పిల్లలకి రాయని రాత మన పిల్లలకే రాస్తాడా దేవుడు? ఆయనకేం పనిలేదా?"

మనవడు పుట్టాక చేతులు సాగాయి.

ఈలోగా కొత్త సూపర్‌వైజర్ దిగాడు. "పని పాడవుతోంది. డబ్బా పాలు పట్టుకోండి" అని కిటికీ మూసి గొళ్లెం పెట్టాడు. చేతులు బయట అద్దం మీద తట్టాయి. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కోడలి జాకెట్టు పాలతో తడిసిపోయింది. గేటు దాటితే ఉద్యోగం పోతుంది.

ఆమె మిషను ఆపేసింది. ఆమెను చూసి చేతులు కుట్టే వరసంతా ఆపేసింది. కాలర్ల వాళ్లూ, గుండీల వాళ్లూ మాత్రం ఆపలేదు. కావాలనే! ఇస్త్రీ బల్ల మీద చేతుల్లేని చొక్కాలు గుట్టపడ్డాయి.

సూపర్‌వైజర్ ఒకటి ఎత్తి పట్టుకుని అరిచాడు. "చేతులేవి?"

"కిటికీ బయటున్నాయి సార్" అంది కోడలు. "తెరిస్తే వస్తాయి."

హాలంతా గొల్లున నవ్వింది.

"ఉద్యోగాలు పీకేస్తా!"

"పీకండి. ఒక బిడ్డని మింగారు. వీణ్ణి మాత్రం ఇవ్వను."

బయట సరుకు లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. చేసేదేం లేక ఆయనే వెళ్లి గొళ్లెం తీశాడు. చేతులు పిల్లాణ్ణి తల్లి ఒళ్లో దించి, పోతూ పోతూ ఆయన నెత్తిన ఒక మొట్టికాయ వేశాయి.

మర్నాడు కాలర్ల అక్క వాళ్లమ్మ చేతులూ వచ్చాయి, ఆ తర్వాత గుండీల వదిన వాళ్లత్తవీ. ఆ ముసలి చేతులన్నీ కలిసి, ఎవర్నీ అడక్కుండా, కుళాయి గొట్టాన్ని మురుగులోంచి పీకి చిల్లు పూడ్చి గోడ మీదుగా వేశాయి.

ఒకరోజు పాలు తాగుతూ తాగుతూ పిల్లాడు తల్లిని కసుక్కున కొరికాడు. వాళ్లక్క పన్ను వచ్చేదాకా బతకలేదు.

"అబ్బా!" అంది కోడలు. కళ్లల్లో నీళ్లు, నోటినిండా నవ్వు. "కొరకరా నాన్నా, ఇంకా గట్టిగా కొరుకు!"