ముప్పై ఆరు మీసాలు

పుస్తకంలో ఆసనాలన్నీ ఆమెవి. మీసం ఆయనది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆయన యోగా మాస్టారు. ఏ ఆసనానికి ఏ అర్థమో గంటలకొద్దీ చెప్పగలడు. నడుము మాత్రం వంగదు. అందుకే ఆరేళ్ళ కిందట పుస్తకం రాసినప్పుడు, బొమ్మలు గీసే ఆయన ముందు భార్యను నిలబెట్టాడు. వృక్షాసనానికి ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడిందో ఆమెకు కుక్కర్ కూతల లెక్కన గుర్తుంది. ఏడు. "ఏవండీ, పొయ్యి కట్టేయండి" అంటే, "కదలకు, గీత చెడుతుంది" అన్నాడు. అని, రాసుకుంటున్నది పైకి చదివాడు. "చెట్టు ఎవరినీ ఏమీ అడగదు. నిలబడటమే దాని ధ్యానం." అన్నం మాడింది. మాడిన గిన్నె తోమింది చెట్టే. వరండాలో కూర్చున్న అత్తగారు వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పుకునేది. "మా కోడలు పిండిముద్ద. ఎటు ఒత్తితే అటు." పుస్తకం అచ్చయి వచ్చాక ఆమె తడి చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. తన పాదమే, తన మడమే, తన మెడ వంపే. ముఖం దగ్గర మాత్రం మీసాలు మెలేసుకుని ఆయన. ముందుమాటలో కాగితం అమ్మినవాడికి కూడా కృతజ్ఞతలు ఉన్నాయి. అడిగితే, "నీ బొమ్మ నలుగురి చేతుల్లో నలిగితే బాగుంటుందా? నీ మర్యాద కోసమే మీసం పెట్టించాను" అన్నాడు. ఆ మర్యాద తర్వాత ఆమెకు మిగిలింది ఎడమ మోకాలి నొప్పి. స్నానాల గదిలో కుళాయి పట్టుకుంటే తప్ప లేవలేదు. మోకాలు మడవొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ ఆయన బల్ల మీదే పెట్టింది. పేజీ గుర్తుకు బాగుందని పుస్తకంలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు రెండో భాగం. బొమ్మలాయన కాగితాలూ పెన్సిళ్ళూ తీసుకుని పొద్దున్నే దిగాడు.

"ఏమే, రా. పద్మాసనం. పదే నిమిషాలు" అని కేకేశాడు మాస్టారు. అటు తిరిగి బొమ్మలాయనకు అర్థం చెబుతున్నాడు. "బురదలో ఉన్నా బురద అంటనిదే పద్మం."

మోచేతుల దాకా సబ్బు నురగతో ఆమె వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమకాలు చాపింది.

"ఇదేం ఆసనం?"

"నాకు ఇప్పుడొచ్చేది ఇదే."

"తమాషాలొద్దు. కాస్త ఓర్చుకుంటే అయిపోతుంది."

"ఓర్చుకునే అయింది ఇది. మీ ఆసనాలు మీరే వేయండి. పాపం ఆయనకూ మీసాల పని తప్పుతుంది."

"నిజమేనమ్మా, ముప్పై ఆరు గీశాను" అని నోరు జారాడు బొమ్మలాయన. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. చాప మీద చతికిలబడి కుడిపాదం ఎడమతొడ మీదికి గుంజుకున్నాడు. రెండోది కూడా ఎలాగో ఎక్కించాడు. అంతే, కాళ్ళు ఇరుక్కుని ఇటూ రాలేదు, అటూ రాలేదు. నుదుటి మీద చెమట.

"ఏమే... కాలు పట్టు."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా లేచింది. వంగి, బొటనవేలు పట్టుకుని ఆయన పాదాలు ఒక్కొక్కటీ విడిపించింది. జాలి కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు. అలసటే ఉంది. మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

బొమ్మలాయన కొత్త కాగితం తీశాడు. ఆమె కుర్చీని, చాపిన కాలిని, ముఖాన్ని ఉన్నవి ఉన్నట్టు గీశాడు. "కింద అర్థం ఏం రాయమంటారమ్మా?"

"అర్థం ఏముందండీ. మోకాలు నొప్పి, కూర్చుంది. అదే రాయండి."

రాశాడు. ఆమె ఆ కాగితాన్ని వంటింటి తలుపుకు అంటించింది. మాస్టారు మంచినీళ్ళకు వెళ్ళి, దాని కింద రాసింది చదివాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

"పుస్తకం మాట ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.