చిటికెడు ఉప్పు

మూడో తొట్టిలోకి బ్లీచింగ్ నీళ్లు వంపి, తెల్లక్క కర్రతో దుప్పట్లను అదిమింది. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ల చాకిరీ. వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. గీత అన్నది వెతికినా దొరకదు. ముక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు, మల్లెపూవైనా మసిగుడ్డైనా దానికి ఒకటే. ఏ బట్ట కట్టినా రెండోనాటికి తెల్లమచ్చలే కాబట్టి తెల్లక్క అయింది. అసలు పేరు జీతం కాగితంలో పడి ఉంది.

మెట్లెక్కితే గుండెజబ్బుల వార్డు. పదకొండు రోజులుగా అక్కడ కిటికీ పక్క మంచం మీద ఆమె మొగుడు ఉన్నాడు. కాళ్లు వాచాయి, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. డాక్టరు ఉప్పు మాన్పించేశాడు. ముతక దుప్పటి ఒరుసుకుంటోందంటే, ఉతికి ఉతికి మెత్తబడినదొకటి ఏరి, తిరిగి అతనికే చేరేలా అంచున నీలం దారంతో నాలుగు కుట్లు వేసింది. బ్లీచింగ్‌కు దారం వెలిసిపోతే మళ్లీ కుట్టేది.

ఈ బ్లీచింగ్ పుట్టుక ఉప్పులోనేనని స్టోరు గుమాస్తా ఒకసారి చెప్పాడు. ఉప్పునీళ్లలోకి కరెంటు పంపితే ఓ ఘాటు వాయువూ, ఓ క్షారమూ పుడతాయట. ఆ రెండూ కలిస్తే ఇదట. నెలల తరబడి ఎండకు వదిలేస్తే పస చచ్చి మళ్లీ ఉప్పునీళ్లే అవుతుందట. ఆ ముక్క మొగుడి చెవిన వేయడమే ఆమె పొరపాటు.

ఆవేళ పొద్దున జావ తాగిస్తుంటే ఆ మాటే పట్టుకున్నాడు.

"ఏమే, రోజంతా ఉప్పులోనే కదా నీ చేతులు. ఓ వేలు ఇందులో ముంచు."

"ముంచితే నీ పేగులు తెల్లబడతాయి."

నవ్వబోయి ఆయాసపడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా అన్నాడు: "ఒక్క చిటికెడే. ఈ చప్పిడి నోటితో పోతే అక్కడెవరికీ మొహం చూపించలేను."

"సాయంత్రం చూద్దాంలే."

చూద్దామంటే ఇవ్వనని అర్థం. ముప్పై ఏళ్ల కాపురంలో అతనికి ఆపాటి తెలుసు. కానీ కిందికి దిగాక ఆమెకు చెయ్యి ఆడలేదు. చిటికెడుకు ప్రాణం పోతుందా, ఇవ్వకుంటే నిలుస్తుందా? వంటగదిలో అడిగి తెచ్చి, కాగితంలో పొట్లం కట్టి, లాండ్రీ కిటికీ గట్టున పెట్టింది. సాయంత్రం ఇచ్చేద్దామనే తేల్చుకుంది.

మూడు గంటలకు పైనుంచి మూటలు దిగాయి. మామూలు మూటకు ఒక ముడి. మనిషి పోయిన మంచం మూటకు రెండు ముడులు, విడిగా ఉతకాలని గుర్తు. అలాంటివి లెక్కలేనన్ని విప్పింది. ఆవేళ రెండో ముడి విప్పేసరికి అంచున నీలం దారం కనబడింది.

కబురు చెప్పడానికి దిగిన ఆయా గుమ్మంలోనే ఆగిపోయింది. "అక్కా, నీకు ముందే చెబుదామని..."

"ఉండమ్మా, వస్తున్నా."

ఆ దుప్పటిని మూడో తొట్టిలో వేయలేదు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, ఉత్త నీళ్లలో జాడించి, పిండి, తీగ మీద ఆరేసింది. నాలుగు కుట్లూ నీలంగానే ఉన్నాయి. చేతులు తుడుచుకుని ఆయా వెనక మెట్లెక్కింది.

కిటికీ గట్టు మీది పొట్లం తొట్ల ఆవిరికి చెమ్మగిల్లి, కాగితం మీద చిటికెడంత తడి మచ్చ మిగిలింది.