సోమలింగం గారి పేజీ

నేను ఒక టెలిఫోను డైరెక్టరీని. నవ్వకండి. ఒకప్పుడు నా కోసం జనం వరసలో నిలబడ్డారు. ఫోనున్న ప్రతి ఇంటి యజమాని పేరూ, వీధీ, నంబరూ గరుకు కాగితం మీద అచ్చేసి, ఇటుకంత లావున కుట్టి నన్ను లోకం మీదికి వదిలారు. చేతికందగానే ప్రతివాడూ చేసిన మొదటి పని తన పేరు వెతుక్కోవడం. తన నంబరు తనకు తెలియదా? తెలుసు. అయినా అచ్చులో చూసుకుని, ఇంటావిడను పిలిచి చూపించుకుని, అప్పుడుగానీ నన్ను మూసేవాడు కాదు.

పార్వతీపురంలో ఒక బడి హెడ్మాస్టరు గదిలో నా కొలువు. కొన్నేళ్లకు అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. నన్ను పలకరించే దిక్కు లేకపోయింది. కుంటి బల్ల కాలి కింద రెండేళ్లు ఉన్నాను. చివరికి పాత కాగితాలవాడి తక్కెడ ఎక్కబోతుంటే హైమవతి టీచరు అడ్డుపడింది.

"దీన్ని నాకిచ్చీండి మాస్టారూ, పువ్వులు ఎండబెట్టుకుంటాను" అని, నన్ను చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ పూట ఆవిడ పనిమీద వేరే గదిలో ఉండి ఉంటే నేనీపాటికి పకోడీల పొట్లాన్నై పోయేదాన్ని.

హైమవతి పండగలకు గ్రీటింగు కార్డులు సొంతంగా చేస్తుంది. కొండదారిలో దొరికిన ఆకు, పువ్వు, గడ్డిపరక తెచ్చి నా పేజీల మధ్య పరుస్తుంది. పైన రోట్లో పొత్రం ఎక్కిస్తుంది. బరువు మాట అటుంచండి, తడి పీల్చడంలో నాకు సాటి లేదు. నున్నటి ఖరీదైన కాగితంతో చేసి ఉంటే ఈ విద్య నాకు అబ్బేది కాదు. నన్ను చవక కాగితంతో కుట్టినవాళ్లకు దండం పెడతాను. పది రోజులయ్యాక ఆకు పలచగా, రంగు పోకుండా లేచి వస్తుంది. దాన్ని మడిచిన డ్రాయింగు అట్ట మీద మైదా జిగురుతో అంటించి, కింద రెండు మాటలు రాస్తే కార్డు తయారు.

ఆవిడకో పద్ధతి ఉంది. ఎవరికి పంపాలో వాళ్ల పేరున్న పేజీలోనే వాళ్ల పువ్వు. పేరు పక్కన పెన్సిలు గుర్తు. వేపపువ్వు రెవెన్యూ ఇనస్పెక్టరు గారి దగ్గర, లేత మామిడాకు కంటి డాక్టరు గారి దగ్గర. ఒకప్పుడు నంబర్లు మాత్రమే మోసినదాన్ని, ఇప్పుడు తలుపు తీస్తే పూలవాసన వచ్చే కొంప అయ్యాను.

పువ్వుల కోసం ఆదివారాలు ముగ్గురు కొండకు వెళ్లేవాళ్లు. హైమవతి, అదే బడిలో పనిచేసే ఆవిడ ప్రాణస్నేహితురాలు వేదవతి, వేదవతి భర్త దూసి సోమలింగం. రాళ్ల సందున దాక్కున్న పువ్వు కూడా ఆయన కంట పడేది. ఒక శ్రావణంలో ఆయన హఠాత్తుగా పోయారు. హైమవతి కొడుకు పెళ్లికి అప్పటికి ఐదు రోజులే ఉంది.

చెప్పులు వేసుకుని బయలుదేరిన ఆవిడను భర్త గుమ్మంలో ఆపాడు. "పెళ్లిరాట వేసీసాం హైమా. ఇప్పుడు చావింటికి వెళ్లడానికి లేదు. పెళ్లవనీ."

పెళ్లయింది. అప్పుడు వెళ్లడానికి మొహం చెల్లలేదు. చావుకు రాని మనిషి ఆ తరవాత ఎందుకొచ్చినట్టు? ఫోను చేయబోయి మానేసింది. ఒక కార్డయినా పంపుదామని, అప్పటికే నాలో ఎండిన ఒక అడవినాభి పువ్వును సోమలింగం గారి పేజీలోకి మార్చి పెట్టింది. మంటలా ఎరుపూ పసుపూ కలిసిన పువ్వు. రాయడానికి మాటలు దొరకలేదు. అటునుంచి వేదవతీ పలకలేదు, వేరే బడికి మారిపోయింది. ఐదేళ్లు గడిచాయి. మనుషులు ఒక్క మాట అనడానికి ఐదేళ్లు తీసుకుంటారు, అనకూడనిది మాత్రం గుక్క తిప్పుకోకుండా అనేస్తారు.

ఈ ఏడు ఉగాది ముందు హైమవతికి కంటి ఆపరేషను అయింది. కట్టు కట్టుకుని కూర్చుని కోడలు రోహిణికి పని అప్పజెప్పింది. "ఏ పేజీలో పువ్వుంటే ఆ పేరుకి కార్డు చేసీ. అడ్రసు పక్కనే ఉంటాది." ఆ ఒక్క పేజీ వదిలేయమనలేదు. మరచిపోయిందో, మరచిపోదామనుకుందో నాకు తెలియదు.

రోహిణి ఏం చేస్తుంది పాపం! సోమలింగం గారెవరో ఆ పిల్లకు తెలియదు. కొత్త కోడలి చెవిన చావు కబురు వేయకూడదని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు, తరవాత చెప్పే ధైర్యం చెయ్యలేదు. ఆయన పువ్వునూ అందంగా అంటించి, "మీకు ఉగాది శుభాకాంక్షలు" అని రాసి, కవరు మీద శ్రీ దూసి సోమలింగం గారికి అని గుండ్రటి అక్షరాలతో రాసి పోస్టులో వేసేసింది.

కట్టు విప్పిన రోజు హైమవతి నన్ను తెరిచింది. ఆ పేజీ ఖాళీ.

"ఇక్కడ పువ్వేదీ?"

"అన్నీ పంపించీసానండి అత్తయ్యా."

హైమవతి నన్ను టపీమని మూసింది. పోయిన మనిషికి పండగ శుభాకాంక్షలు! ఎప్పటికైనా కలుస్తామన్న ఆశ కూడా తుడిచిపెట్టుకుపోయిందని ఏడ్చింది. సంగతి విని రోహిణి అంతకంటే ఎక్కువ ఏడ్చింది. నాకు నోరుంటే ఇద్దరినీ ఓదార్చేదాన్ని.

మర్నాడు పొద్దున్నే వేదవతి వచ్చింది. చేతిలో సంచి, రెండో చేతిలో ఆ కవరు. హైమవతి లేచి నిలబడింది.

"ఆయన పేరున ఇలాటి కార్డొచ్చి ఐదేళ్లయింది హైమా" అంది వేదవతి. "పోస్టుమేను పేరెట్టి పిలిచీసరికి, ఆయన లోపలున్నారనుకుని ఒక్క క్షణం వెనక్కి చూసేను. ఎవరు రాసేరే ఇది?"

"తప్పయిపోయింది వేదా. మా కోడలికి తెలీదు. ఆ పువ్వు... చివరి ఆదివారం ఆయన రాళ్లెక్కి కోసిచ్చినది. నువ్వు కింద గొడుగట్టుకుని కేకలేసేవు, గుర్తుందా? పారీలేక, నీకు పంపలేక ఉంచీసాను."

వేదవతి కార్డు తెరిచి పువ్వును వేలితో తాకింది. తరవాత సంచిలోంచి ఒక పట్టుచీర తీసి, బల్ల మీద ఉన్న నా మీద పెట్టి, గుమ్మంలో నిలబడ్డ రోహిణి వైపు చూసింది.

"మీ పెళ్లికని ఆయన పోకముందే కొన్నాను. తరవాత నా చేత్తో ఎలా ఇవ్వను? పసుపూ కుంకం లేని చెయ్యి. బీరువాలో ఉండిపోయింది. ఇక్కడ పెట్టీసాను, తీసుకోమ్మా."

రోహిణి కళ్లు తుడుచుకుని వచ్చింది. చీర తీసి, తిరిగి వేదవతి చేతిలోనే పెట్టి, వంగి పాదాలకు దండం పెట్టింది.

"మీ చేత్తోనే ఇవ్వండి పిన్నిగారూ."

వేదవతి చీరతో చెయ్యి చాచబోయి ఆగిపోయింది. హైమవతి ఆ చేతికింద తన చెయ్యి కూడా వేసింది. ఆ రెండు చేతులూ కలిసి చీర ఇచ్చాయి.