సత్తమ్మ చేతికి పడని మిషన్

మా ఇంటి వెనకాలే రైలు పట్టాలు. గూడ్సు బండి పోతే గిన్నెలు గలగలమంటాయి, నాకు మాత్రం నిద్ర చెడదు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాలు సవరిస్తూ ముసలివాణ్ణయిన మనిషిని నేను. అటువంటి నన్ను పట్టపగలు మంచం మీది నుంచి దిగ్గున లేపిందొక బట్టల మిషన్. లేచి చూద్దును కదా, బాత్రూంలో పెట్టిన మిషన్ దడదడా కొట్టుకుంటూ గడప దాకా నడిచొచ్చింది. పైపు పట్టి ఆపింది గానీ లేకపోతే వీధిలోకి పోయేదే.

ఆ మిషన్ మా కోడలు మేఘన కొన్నది. ఎందుకు కొన్నదో ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

నా భార్య సత్తమ్మ పెళ్లయి మొగుళ్లపల్లి నుంచి మహబూబాబాద్ వచ్చిన కొత్తలోనే ఇండ్లల్లో బట్టలు ఉతికే పనికి కుదిరింది. నా జీతంతో గడుస్తుంది మానుకోమంటే వినలేదు. సబ్బూ సోడా కలిసి ఆమె అరచేతుల్ని తినేశాయి. పగుళ్లలో కారం మండుతుందని పచ్చడన్నం చెంచాతో తినేది. చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. మేఘన సర్కారు దవాఖానలో నర్సు. వెంటబెట్టుకుపోయి చర్మం డాక్టరుకు చూపించింది. ఆయన మందు రాసిచ్చి, ఈ చేతులు ఇక సబ్బు నీళ్లలో పడితే మానవని తెగేసి చెప్పాడు. ఇండ్లల్లో పని అప్పుడే మాన్పించింది మేఘన, ఆ సాయంత్రమే మిషన్ ఇంటికి వచ్చింది.

మేఘన మా కులం పిల్ల కాదు. రేగొండ దగ్గర భూములున్న పెద్దింటి బిడ్డ. మా కొడుకు వేణును ఇష్టపడి చేసుకున్నది. వాళ్ల నాయిన ఇప్పుడిప్పుడే ఫోన్ ఎత్తుతున్నాడు. మా ఇంట్లో మాత్రం ఆమె మాటకు ఎదురులేదు, నా చేత బీడీ కూడా మాన్పించింది. అట్లాంటి పిల్ల మీద కోపం రాదా అంటే వస్తుంది. చాయ్ తెచ్చిచ్చేదాకా ఉంటుంది.

ఇక మిషన్ సంగతి. నీళ్లు నింపుకున్నంతసేపూ బుద్ధిమంతురాలే. బట్టలు తిప్పేటప్పుడూ పరవాలేదు. నీళ్లు పిండటానికి గిర్రున తిరగడం మొదలుపెట్టిందా, దయ్యం పట్టినట్టు ఊగుతుంది. కంపెనీ మనిషిని పిలుద్దామన్నాడు వేణు. నాకు తిక్క రేగింది. బండ్లు పోయే పట్టాల్ని సమం చేసినవాడికి నాలుగు కాళ్ల డబ్బా ఒక లెక్కా అన్నాను.

వాలు చూసే రసమట్టం తెచ్చి మిషన్ నెత్తిన పెట్టాను. బుడగ నడుమకు రాలేదు. బాత్రూం గచ్చు తూము వైపు వాలుగా ఉంది మరి. కాళ్ల మరలు తిప్పి ఒకటి లేపాను, ఒకటి దించాను. పాత టైరు ట్యూబు కోసి కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేశాను. బుడగ నడుమకు వచ్చి కూర్చుంది. ఖాళీగా తిప్పి చూస్తే చప్పుడే లేదు. మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాను.

మరునాడు సత్తమ్మ బట్టలు వేసింది. మళ్లీ అదే దడదడ.

ఇట్లా ఎన్నిసార్లయిందో. నేను సమం చేయడం, ఖాళీగా తిప్పి మురవడం, ఆమె బట్టలు వేయగానే నా పరువు పోవడం. బట్టలు వేసేటప్పుడు నన్ను ఆ దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. "మొగోనికి బట్టల కాడ ఏం పని, అవుతల కూసో" అని తరిమేది. నా చూపంతా కాళ్ల మీదే గనక నేనూ పట్టించుకోలేదు. చివరికి కంపెనీ మనిషే వచ్చాడు. ఆయనా ఖాళీగానే తిప్పి చూసి, మిషన్‌లో ఏ లోపం లేదని చెప్పి పోయాడు.

పక్కింటి అమర్‌సింగ్ గోడ మీది నుంచి తొంగిచూసి అడిగాడు. "అబ్రహామన్నా, గూడ్సు బండ్లను మీ ఇంట్లకెల్లి మలిపిన్రా ఏంది?"

"నీ ఇంట్లకే మలుపుతున్నరు, టికెట్టు తీసుకో" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ లోపల ఉడికిపోయాను.

ఒకనాడు స్టేషన్ దగ్గర చాయ్ తాగి ఇంటికి వస్తే, సత్తమ్మ పెరట్లో తన పాత ఎర్ర బకెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉంది. మిషన్‌లోంచి తీసిన బట్టల్నే మళ్లీ సబ్బు పెట్టి రుద్దుతున్నది. చూపుడు వేలు దగ్గర పగిలి నెత్తురు కారుతున్నది.

"ఏందే నువ్వు చేసే పని? ఆ పిల్ల గింత ఆరాటపడి కొన్నది ఎందుకు?" అని అరిచాను.

ఆమె తలెత్తలేదు. "మురికి పోతలేదయ్యా. పైబట్ట తెల్లగైతది, లోపటి బట్ట లోపట్నే ఉంటది. నువ్వు తిప్పితే మంచిగ తిరుగుతది, నేను ముట్టుకుంటే ఎగురుతది. నా చెయ్యి దానికి పడ్తలేదు. వాపస్ ఇచ్చెయ్యిన్రి. ఉన్నన్ని రోజులు గీ చేతులే సాలు."

ఆ మాట నాకు గుండెలో దిగింది. ఉన్నన్ని రోజులు గీ చేతులేనట. ఆ చేతులు ఎన్ని రోజులు ఉంటాయని?

మేఘనకు తెలిసి ఆ పూట సరిగ్గా తినలేదు. "సోమారం ఆటో వచ్చి మిషన్ తీస్కపోతది, దుకాణపాయన ఒప్పుకున్నడు" అని మాత్రం చెప్పింది. మిషన్ పోతే సత్తమ్మ చేతులు మళ్లీ బకెట్లోకే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

శనివారం పొద్దున సత్తమ్మ చర్చికి కట్టుకునే తెల్ల చీర కోసం చివరిసారి మిషన్ వేసింది. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. వెనకాల బొగ్గు నింపిన గూడ్సు బండి పోతుంటే నేల అదిరింది. ఖాళీ బండి పోయినప్పుడు ఏ పట్టా అయినా మంచిగానే ఉంటుంది, బరువు పడ్డప్పుడే దాని సంగతి తెలుస్తుంది. జీవితమంతా చేసిన పని ఇది. ఇంటికొచ్చేసరికి నా తెలివి గడ్డి మేయడానికి పోయినట్టుంది. బట్టలు వేసి తిరుగుతుండగా నేను ఒక్కనాడూ దాని దగ్గర నిలబడలేదు.

లోపలికి పోయేసరికి దడదడ మొదలైంది. రెండు చేతులా మిషన్‌ను వాటేసుకున్నాను. నా పళ్లు టకటకలాడాయి. సరిగ్గా అప్పుడే రాత్రి డ్యూటీ దిగి మేఘన వచ్చింది. నన్ను ఆ అవతారంలో చూసి నవ్వాలో ఏడవాలో తెలియక స్విచ్చి ఆపింది.

"మూత తియ్యి మామా, లోపట ఏమున్నదో చూద్దాం" అన్నది.

సత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "వద్దు బిడ్డా, నేను తీస్త" అంటూ ఉండగానే మేఘన చెయ్యి లోపలికి పోయింది.

బయటికి వచ్చింది బట్ట కాదు, మూట. పెద్ద తువ్వాలలో చుట్టి గట్టిగా ముడి వేసిన మూట. నీళ్లు పీల్చి రాయిలా ఉంది. మేఘన ముడి విప్పింది. అందులో ఆమె డ్యూటీ బట్టలు, గులాబీ చున్నీ, నైటీలు ఉన్నాయి. ఇంకో మూట తీస్తే, పాత పంచెలో కట్టిన మా ముగ్గురి బట్టలు. తెల్ల చీర కూడా అందులోనే. ఇంత బరువైన ముద్దలు రెండు లోపల అటొకటి ఇటొకటి గుద్దుకుంటుంటే ఏ మిషన్ మాత్రం నిలుస్తుంది? నేను కాళ్లు సవరిస్తూ కూర్చున్నాను, రోగం కడుపులో ఉంది.

మేఘన నవ్వింది. "నా బట్టలకు దవాఖాన రోగాలుంటయి, మీకంటుకుంటయని కట్టినవా అత్తమ్మా? మంచిగనే ఆలోచించినవు."

అవునంటే అయిపోయేది. కానీ సత్తమ్మకు అబద్ధం రాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నది.

"గది కాదు బిడ్డా. మాయి నీయిట్ల కలువొద్దని."

మేఘనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గడప మీద కూర్చున్నాను.

వేణు చంటివాడప్పటి మాట. సత్తమ్మ ఒక పెద్దింట్లో బట్టలు ఉతుకుతూ, చంకలోని పిల్లవాడు అంగీ తడుపుకుంటే, దాన్ని వాళ్ల బకెట్లోనే జాడించింది. ఆ ఇంటావిడ తిట్టలేదు, కొట్టలేదు. బకెట్టు తీసి గేటు బయట పెట్టి, "ఇగ ఇది నువ్వే తీస్కపో" అన్నది. ఆ ఎర్ర బకెట్టే ఇప్పటికీ మా పెరట్లో ఉంది. మేఘన వచ్చిన నాటి నుంచి దాంట్లో ఆమె బట్ట ఒక్కటి కూడా పడనివ్వలేదు సత్తమ్మ. అత్తగారి మురిపెం అనుకున్నాను నేను. ఇదంతా నేనే చెప్పాను మేఘనకు.

"నువ్వేమంటవని కాదు" అన్నది సత్తమ్మ మెల్లగా. "నువ్వు బంగారం అసొంటి పిల్లవు. నా చేతులకే అలవాటు పోలేదు."

మేఘన తడి గచ్చు మీదే చతికిలబడి రెండు మూటలూ పూర్తిగా విప్పింది. నా బనీన్లు, తన డ్యూటీ బట్టలు, వేణు ప్యాంట్లు, సత్తమ్మ చీర, అన్నీ కలగలిపి మిషన్‌లో వేసింది. గులాబీ చున్నీ చేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగి, దాన్నీ వేసింది. తర్వాత సత్తమ్మ పగిలిన చెయ్యి తీసుకుని మూత మీద పెట్టింది.

"నువ్వే వొత్తు అత్తమ్మా. ఇగ ముళ్లు వేస్తే నీతోని మాట్లాడ."

సత్తమ్మ బటన్ నొక్కింది. ముగ్గురం ఏ పనీ లేనట్టు అక్కడే నిలబడ్డాం. నీళ్లు నిండాయి, బట్టలు తిరిగాయి, పిండటం మొదలైంది. సన్నగా జుయ్యిమన్నది, అంతే. సత్తమ్మ చెయ్యి మూత మీది నుంచి తీయలేదు. ఆమె ఏడుస్తున్నది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

బట్టలు తీసి చూస్తే తెల్ల చీర కొంగు నిండా చున్నీ రంగు అంటుకుని ఉంది. మేఘన నాలుక కరుచుకుంది. ఆదివారం నాడు సత్తమ్మ అదే చీర కట్టుకుని చర్చికి బయలుదేరింది. వద్దంటే వినదు కదా. ప్రార్థన అయిపోయాక పాస్టరమ్మ కొంగు పట్టుకుని చూసింది.

"రంగంటింది గదా సత్తమ్మక్కా. జర నిమ్మకాయ రుద్దు, పోతది."

"పోనియ్య పాస్టరమ్మా. మా కోడలి చున్నీది" అన్నది సత్తమ్మ. పక్క వరసలో వాళ్లు అడగకపోయినా వాళ్లకూ చూపించింది.

సోమవారం ఆటో వస్తే డ్రైవరుకు చాయ్ తాగించి ఖాళీగానే పంపించేశాం. తర్వాత ఎండాకాలం వచ్చింది, పోయింది. మిషన్ ఇప్పుడు నన్ను లేపడం లేదు, సత్తమ్మే లేపుతున్నది. ఈ మధ్య ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అదే చీరతో ఆమె నిద్రపోతుంటే, పోనీలే పాపమని కొంగుకు నిమ్మకాయ రుద్దబోయాను. చటుక్కున లేచి నా చెంప మీద ఒక్కటి వేసింది. చెంప తడుముకుంటూ ఉండిపోయాను. ఆ అరచెయ్యి మెత్తగా తగిలింది.