మునిరత్నం వ్యాన్ వెనక టైర్లు

పుంగనూరులో మునిరత్నం పొద్దున్నే లేస్తే మొదట చేసే పని, వ్యాన్ వెనక వంగి టైర్లను తడిమి చూడడం. కాఫీ ఆ తరువాతే. మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు ఎత్తుకుని కుప్పానికి తోలేవాడు టైర్లు చూసుకోవడంలో వింతేముంది? కాకపోతే ఆయన చూసేది రోడ్డు ఎంత అరిగించిందని కాదు, కూతురు తేజస్విని నిన్న సాయంత్రం కంప్యూటర్లో ఎంత అరిగించిందని.

ఆ ఇంట్లో అది అంతే. లోపలి గదిలో స్టీరింగూ పెడళ్ళూ బిగించిన కుర్చీ ఒకటుంది. అందులో కూర్చుని రేసు తోలితే, తెర మీది కారుకు అరిగిన రబ్బరు, వాకిట్లో ఉన్నా రోడ్డు మీదున్నా, వ్యానుకు తగ్గుతుంది. పోనీ ఆటలో టైర్లు మారిస్తే వ్యానుకూ కొత్తవి వస్తాయా అంటే, అంత అదృష్టం లేదు. అరుగుదల ఒక్కటే దిగుతుంది. వీధిలో అందరికీ తెలుసు. టైర్ల షాపు అంజినప్ప రబ్బరు మీద బొటనవేలు తిప్పి, మీ పాప బండి నేరుగా కాకముందే తొక్కేస్తాండాదప్పా అని గొణిగి, వెనకవి ముందుకీ ముందువి వెనక్కీ మార్చి పంపేవాడు.

ఆ కుర్చీ తేజస్విని అన్న హరీష్‌ది. వాడు ట్రాక్షన్ కంట్రోల్ పెట్టుకునే తోలేవాడు. అది ఉంటే కాలు ఎంత గట్టిగా తొక్కినా వెనక చక్రాలు గిర్రున తిరిగిపోకుండా కంప్యూటరే చూసుకుంటుంది. అందుకే వాడి కాలంలో టైర్లు చాలా రోజులు వచ్చేవి. పోయిన వానాకాలం కామెర్లొచ్చి వారం తిరక్కుండానే వాడు పోయాడు.

తేజస్విని ఏడవలేదు. అన్నం పెడితే తినింది, పలకరిస్తే ఊ కొట్టింది. పన్ను పీకేముందు సూది వేసిన దవడలాగ, లోపలంతా మొద్దుబారిపోయింది. కర్మ అయినాక ఒకరోజు అన్న కుర్చీలో కూర్చుని, ఆ కంట్రోల్ తీసేసి తోలింది. మలుపులో కారు వెనక భాగం సర్రున జారింది. కడుపులో ఏదో కదిలింది. అంతే, మళ్ళీ ఏమీ లేదు. ఆ కాస్త కదలిక కోసం రోజూ కూర్చునేది, ప్రతి మలుపులోనూ జార్చేది. కొత్తగా వేయించిన టైర్లు రెండు నెలలకే నున్నగా గుండయ్యాయి.

ఆపమని మునిరత్నం ఒక్కనాడూ అనలేదు. తల్లి చెంగమ్మ అనబోతే కళ్ళతోనే వారించాడు.

ఒక ఆదివారం ఆ కంప్యూటర్ ఆటలోనే పెద్ద పందెం. మొదటి ముగ్గురినీ బెంగళూరు రేసు టీములో చేర్చుకుంటారు. హరీష్ దానికోసం ఎంతో కొట్టుకున్నాడు గానీ, అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ వాడకూడదు, వాడికి అది లేకుండా చేతకాలేదు. తేజస్విని అర్హత సాధించింది, ఆటలో ఉన్న వాడి పేరు మీదే. ఆ పేరు మొదటి మూడింట్లో చూడాలి. ఆ పిల్ల ఈ లోకంలో ఏదైనా కోరుకుందంటే అదొక్కటే.

మధ్యాహ్నం మునిరత్నం లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టి, గది వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"వాన పడేట్టుండాది. కాయ ఆగదు, పోవాల. ఆట ఆపమని సెప్పనమ్మా, నువ్వు లేసి సేస్తాండే పని అదొక్కటే. మలుపు తిరిగినాక కొంచెం నిదానంగా తొక్కు తల్లీ."

ఆమె ఊ అంది. వ్యాన్ వెళ్ళిపోయింది.

పందెం మొదలయ్యేసరికి పుంగనూరులోనూ చినుకులు పడుతున్నాయి. మొదటి మలుపులో అలవాటుగా తొక్కబోయి, కాలు ఆపుకుంది. స్టీరింగు నేరుగా అయ్యేదాకా ఆగి, మెల్లగా, కోడిగుడ్డు మీద పాదం పెట్టినట్టు తొక్కింది. గేరు కాస్త ముందే మార్చింది. కారు జారలేదు, కడుపులో ఏమీ కదలలేదు. ఒక్కొక్కరే దాటిపోయారు. పోతే పోనీ అనుకుంది.

సగం అయ్యేసరికి మిగతావాళ్ళ టైర్లు అయిపోవస్తున్నాయి. మలుపుల్లో తడబడుతున్నారు. ఆమెవి ఇంకా పట్టు వదల్లేదు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ నాలుగో స్థానానికి వచ్చింది. చివరి చుట్టు, చివరి మలుపు. ముందున్న కారు పక్కకు జారింది. ఒక్కసారి గట్టిగా తొక్కితే హరీష్ మూడోవాడు.

తొక్కలేదు. అదే క్షణంలో స్టీరింగు చేతుల్లో ఎప్పుడూ లేనంత బరువెక్కింది, టమోటా బాక్సులన్నీ ఒక పక్కకు ఒరిగినంత బరువు. కాలు ఇంకాస్త తేలిక చేసింది. బరువు మెల్లగా సర్దుకుంది. నాలుగో స్థానంలో గీత దాటింది.

రాత్రి అన్నాల వేళకు వ్యాన్ వచ్చింది. మునిరత్నం గడప మీద కూలబడ్డాడు. వి.కోట దాటినాక వానలో మలుపు తిరిగితే, ఎదురుగా స్కూటర్ మీంచి పడిపోయి ఆలుమగలిద్దరు లేవలేక ఉన్నారట. బ్రేకు తొక్కితే లోడు ఒరిగి, వెనక జారబోయి, జారకుండా వాళ్ళకు జానెడు దూరంలో వ్యాన్ నిలబడిందట.

"ఆ టైర్లలో ఏముందని పట్టుకున్యాయో గానీ, పట్టుకున్యాయమ్మా," అన్నాడు.

పందెం ఏమైందని అడిగాడు. హరీష్ నాలుగోవాడని చెప్పబోయింది. ఆ పేరు దగ్గరే మాట ఆగిపోయింది. తండ్రి పక్కన కూర్చుని, ఆయన తడిసిన చొక్కా పట్టుకుంది.

"అన్న పోయినాడు నాయినా," అంది, ఆ కబురు తనకు ఇప్పుడే తెలిసినట్టు.

"అవునమ్మా," అన్నాడు మునిరత్నం. "పోయినాడు."