బుజ్జిదాని చెంచా

ఆ ఇంట్లో ఒకే చెంచాకి రెండు పనులు. కోడలు సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే వంటగదిలో చిన్న స్టవ్వు మీద సీసం కరిగించే గిన్నె పెట్టేది. టంకం తీగ కరిగి నీళ్లలా అయ్యాక, ఛార్జర్ల షాపు వాళ్ల వైర్ల కొసలు అందులో ముంచి తీయాలి. పైన తెట్టు కడితే చెంచాతో తీసి పారేయాలి. తెల్లారితే అత్తగారు ఆ చెంచానే తోమి మనవరాలు బుజ్జిదానికి అన్నం పెట్టేది. "అది వేరే ఉంచుదాం అత్తయ్యా" అని కోడలు ఒకసారి అననే అంది. "ఓహో, గిన్నెకో చెంచా, మనిషికో చెంచా! మీ పుట్టింట్లో చెంచాలు కాస్తాయేమో" అని ఆవిడ పక్కింటిదాకా వినిపించేలా నవ్వింది.

మొగుడు అదే ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్. సీసం కలిసిన టంకం ఇక వాడకూడదని రూలు వచ్చినప్పుడు, పారేయమన్న పాత తీగ చుట్టలన్నీ ఇంటికి మోసుకొచ్చాడు. "ఎందుకు వద్దన్నారండీ?" అంటే, "కొనేవాళ్ల పట్టింపులే. నీకెందుకు, కరిగించు" అన్నాడు. తను మాత్రం గిన్నె దరిదాపులకి వచ్చేవాడు కాదు. "నాకా పొగ పడదు" అని ముందు గదిలో కిటికీ పక్కన కూర్చునేవాడు. పాపం, పడదేమో అనుకుంది పిచ్చిది. బోర్డుకి సీసం తగిలితే ఊరుకునేది లేదని ఫ్యాక్టరీలో రోజూ చెప్పేవారు. మనిషికి తగిలితే ఏమవుతుందో ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

బుజ్జిదానికి మూడేళ్లు నిండుతున్నాయి. "అమ్మ" అనడం వచ్చింది, వచ్చి పోయింది. "తల్లి పోలికే. దానికీ బుర్ర లేదు, దీనికీ లేదు" అని అత్తగారు వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. కోడలు గిన్నె ముందు కూర్చుని, కడుపుతో ఉన్నప్పుడు తను ఏం తిన్నదో, ఎక్కడ జారి పడ్డదో, ఏ మాటకి ఎంతసేపు ఏడ్చిందో అన్నీ తవ్వుకునేది. తప్పు తనలోనే ఎక్కడో ఉందని వెతుక్కునేది. పిల్ల ఆ పక్కనే నేల మీద పడి నిద్రపోయేది.

ఒకరోజు ఫ్యాక్టరీలో ఏదో బోర్డులో సీసం తేలింది. ఆడవాళ్లందరి సంచులూ దులిపించారు. పొద్దున కోడలు బుజ్జిదానికి తన డబ్బాలోంచే నాలుగు ముద్దలు పెట్టింది కదా, ఆ చెంచా డబ్బాలోనే ఉండిపోయింది. పరీక్ష చేసే అక్క సీసం పసిగట్టే మిషను దాని మీద పెట్టగానే అది కీచుమంది.

"ఇది ఎవరు వాడతారమ్మా?"

"మా పాప."

అక్క మిషను పక్కన పెట్టేసింది. "పిల్లలకి మెదడుకే పట్టుకుంటుందమ్మా ఈ సీసం. వచ్చిన మాటలు కూడా పోతాయి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు, రక్తం చూస్తారు" అంది.

సూపర్‌వైజర్ అదేమీ వినలేదు. "సరుకంతా చెత్తలో పోయాల్సి వచ్చింది నీ వల్ల! ముందా చెంచా నా బల్ల మీంచి తియ్. రేపట్నించి రాకు."

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఉద్యోగం ఊడగొట్టుకొచ్చిందిరా మహాతల్లి" అని అత్తగారు మొదలుపెట్టి, అంతలోనే తెరిపిన పడింది. "పోనీలే, ఇక పొద్దున్నించీ గిన్నె దగ్గరే కూర్చుంటుంది. ఆర్డరు తెములుతుంది."

"పిల్ల సంగతేమిటండీ?" అంది కోడలు మొగుడితో.

"ఆవిడెవరో ఏదో కూస్తే నమ్మేస్తావా? ఇన్నాళ్లూ ఆ పొగ పీల్చావు, నువ్వేమైనా చచ్చావా? అన్నం పెట్టు."

పెట్టింది. కంచంలో అన్నం వడ్డించి, అంచున చెంచా పెట్టింది. అతను తీసుకుని కలపబోయాడు.

"ఏ చెంచా ఇది?"

"బుజ్జిదానిది. తెట్టు తీసేది. అత్తయ్య శుభ్రంగా తోమారు లెండి."

చెయ్యి కాలినట్టు విసిరేశాడు. కంచం కాలితో తన్ని లేచాడు. "మతి పోయిందే నీకు? మొగుడికి విషం పెడ..."

సగంలో ఆపేశాడు. ఆ సగం చాలు ఆమెకి. ఎప్పటినుంచి తెలుసని అడగలేదు. కిటికీ పక్క కుర్చీ వంక ఒకసారి చూసింది, అంతే.

వంగి, మెతుకుల్లోంచి చెంచా ఏరి, ఆస్పత్రిలో చూపించడానికి కవర్లో చుట్టి కొంగున కట్టుకుంది. పిల్లని చంకనేసుకుంది.

"ఏమే, స్టవ్వు వెలిగించి ఉంది, ఎక్కడికే? గిన్నె దగ్గర ఎవరు కూర్చుంటారు?" అత్తగారు గుమ్మందాకా వచ్చి అరిచింది.

"మీ అబ్బాయిని కూర్చోమనండి అత్తయ్యా" అంది కోడలు, చెప్పులు వేసుకుంటూ.