ఎడమ గొట్టం పొగ

ఇంజను విప్పబోయే రోజు పొద్దున నాగరాణి ఇంటి పక్క దొడ్డిలో ఎర్ర కారును కడగడం మొదలుపెట్టింది. పోసిన నీళ్లన్నీ ఎడమ చక్రాల దగ్గరే మడుగు కట్టాయి. ఆమె చేతిలో బకెట్టు అలాగే ఆగిపోయింది.

అప్పటికే నరసింహ గోనెసంచి మీద స్పానర్లు పరుచుకుని కూర్చున్నాడు. జడ్చర్లలో షెడ్డు పెట్టిన కొత్తలో అతనూ, నాగరాణి భర్త సైదులూ కలిసి లారీలు బాగుచేసినవాళ్లు. సైదులు పోయాక షెడ్డు నాగరాణి నడుపుతోంది. బరువైన పని వస్తే అతన్నే పిలుస్తుంది.

ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సైదులు చివరి పని. ప్రమాదంలో నుజ్జయి పాత ఇనుములోకి పోవలసిన దాన్ని తెచ్చి, ఆదివారాలన్నీ దానికే పెట్టి నడిపించాడు. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగుతో సన్నటి గీత గీశాడు, తర్వాత ఎవరు కదిలించినా తెలియాలని. కారు నడిచింది. కొన్నాళ్లకే అతని గుండె ఆగింది.

ఇప్పుడా కారు పొద్దున స్టార్టు చేస్తే నీలం పొగ కక్కుతోంది. కాసేపటికి తగ్గుతుంది. మర్నాడు మళ్లీ అదే వరస. సైదులుకు లారీలు తెలుసు గానీ ఇలాంటి బండి చేతకాలేదని బస్టాండు దాకా మాట పాకింది. నాగరాణికి పొగకన్నా ఆ మాటే ఎక్కువ ఘాటుగా తగిలింది.

నరసింహ దాచకుండా చెప్పాడు. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్ల పొగ ఆగకుండా వస్తే నీళ్లు లోపలికి పోతున్నాయని అనుకోవచ్చు. నీలం పొగంటే ఆయిలు కాలుతున్నట్టే. ఆయిలును ఆపే పిస్టన్ రింగులు సరిగా కూర్చోలేదు, ఇంజను విప్పాల్సిందే. ఆమె సరేనంది. పసుపు గీతలు చెరిగేలోపు ఒకసారి తన చేతులతో కడగాలని మాత్రం అనుకుంది.

బకెట్టు దించి కారు వెనకవైపుకు వెళ్లింది. ఇంజను ఒక్కో పక్కకు ఒక్కటిగా ఉన్న రెండు పొగ గొట్టాల్లో కుడిది లోపల పొడిగా, బూడిద రంగులో ఉంది. ఎడమ గొట్టంలో వేలు పెడితే జిడ్డు మసి అంటింది.

"అన్నా, పొగ ఈ ఎడమ దాంట్ల నుంచే వస్తాంది. అది పల్లం దిక్కున్నది."

"జాగ వాలుంటే పొగొస్తదా చెల్లె? గట్లయితే అమ్రాబాద్ ఘాటుల ఆగిన బండ్లన్నీ పొగ గక్కాలె."

"గా బండ్లల్ల సిలిండర్లు నిలవడి ఉంటయి. దీంట్ల రెండు దిక్కుల పండుకొని ఉంటయి. రాత్రంతా ఒక పక్కకు ఒరిగి నిలవడితే ఆయిలు కింది పక్క సిలిండర్లలకు దిగదా?"

నరసింహ చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

సైదులు ఉన్నప్పుడు కారు షెడ్డులో చదును గచ్చు మీద ఉండేది. పోయినవాడు మెచ్చిన వస్తువును సంవత్సరికం నాడు అతని సమాధికి ఎదురుగా పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. తాతకు గొంగడి పెట్టారు, తండ్రికి గొర్లు కాసిన కట్టె. సైదులుకు కారు పెట్టాలని తల్లి గుర్వమ్మ అంది. ఇంటి పక్క గొర్ల దొడ్డి వాలు నేల. సమాధి వైపు ముఖం పెట్టాలంటే కారును వాలుకు అడ్డంగా నిలపాలి. అలాగే నిలిపారు, అక్కడే ఉంచేశారు. పొగ ఆ తర్వాతే మొదలైంది. ఆ వాలు మీదే ఆయిలు మట్టం చూసే పుల్ల తీసి, ఆయిలు పక్కకు ఒరిగి పుల్లకు తక్కువ అంటితే తగ్గిందనుకుని, నాగరాణి మళ్లీ మళ్లీ ఆయిలు పోసింది.

విప్పే ముందు ఒక్క పూట ఆగమని అడిగింది. పొగతోనే కారును హైవే పక్క ధర్మకాంటాకు తీసుకెళ్లింది. లారీలు తూచే ఆ జాగాలో నేలంతా చదును గచ్చు. అక్కడ పుల్ల తీస్తే ఆయిలు గీత దాటి ఎంతో పైకి ఉంది. ఎక్కువైంది దించేశారు. గొట్టంలో మిగిలింది కాలిపోయేదాకా హైవే మీద తిప్పి, రాత్రికి ఆ గచ్చు మీదే నిలిపారు.

తెల్లారేసరికి లారీ డ్రైవర్లు టీ గ్లాసులతో చుట్టూ చేరారు. నరసింహ తెల్ల రుమాలు ఎడమ గొట్టానికి అడ్డం పట్టి కూర్చున్నాడు. నాగరాణి తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి గర్జించి, నిలకడగా పాడడం మొదలుపెట్టింది. ఆమె అద్దంలో చూసింది. వెనక రోడ్డు, ఆకాశం, రుమాలు స్పష్టంగా కనిపించాయి. నీలం పొగ లేదు.

నరసింహ రుమాలు పైకెత్తి అందరికీ చూపించాడు. కాస్త తడి తప్ప మరక లేదు.

"సైదులు చేతికి వంక వెట్టినోళ్లు ఇటొచ్చి జూడుండ్రి."

"ముందుగాల నువ్వు మంచిగ జూడే అన్నా," అంది నాగరాణి. డ్రైవర్లు పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నరసింహ నవ్వాడు.

ఇంటికొచ్చి దొడ్డిలో పల్లం వైపు నేల చదునయ్యేలా శాబాదు బండలు పరిచారు. కారు దిక్కు మారితే అత్త ఏమంటుందోనని ధర్మకాంటాకు వెళుతున్నప్పుడు నాగరాణి బెంగపడింది. ఇప్పుడు ముఖం సమాధి వైపే పెట్టబోతుంటే గుర్వమ్మే చెయ్యి అడ్డం పెట్టింది.

"వాడు ఏ బండొచ్చినా మొకం జూసెటోడా బిడ్డా? ఎన్కకు వోయి గొట్టం జూసెటోడు. గటు దిప్పి పెట్టు, వాడే జూసుకుంటడు."

నాగరాణి కారును తిప్పి, వెనక భాగం సమాధి వైపు వచ్చేలా బండల మీద నిలిపింది. పైన ఒక బకెట్టు నీళ్లు పోసింది. నీళ్లు రెండు పక్కలా సమంగా పారాయి. పసుపు గీతల్లో ఒక్కటీ చెరగలేదు. ఆమె లోపల కూర్చుని, అత్తను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, తాళం తిప్పి ఆక్సిలరేటరు అదిమి తొక్కింది. దూరంగా గట్టు మీద మేస్తున్న గొర్లు తలలెత్తి చూశాయి. సమాధి మీది గాలి తేటగానే ఉంది.